వరి ఎండాకు తెగులు: బాక్టీరియా జన్యుక్రమం నేర్పిన పాఠాలు

(ప్రత్యేక వ్యాసం)

ఖరీఫ్ వరి పిలకలు తొడిగి చిరుపొట్ట దశకు చేరుకునే రోజులలో, ఈదురు గాలులతో కూడిన వర్షాలు కురిసి వెలిసిన కొద్ది రోజులకు కొన్ని పొలాలలో ఆకుల కొనలు పసుపు రంగుకు మారుతాయి. క్రమంగా ఆ పసుపు రంగు ఆకు అంచుల వెంబడి అలల ఆకారంలో క్రిందికి దిగుతుంది. గట్టు మీద నిలబడి చూసిన రైతుకు పైరు ఆకలిగొన్నట్లు కనిపిస్తుంది. నత్రజని చాలలేదన్న భావనతో ఆయన మరో బస్తా యూరియా చల్లుతాడు. తెగులుకు కావలసిందీ అదే. చూస్తుండగానే చేను ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది.

ఇది పోషక లోపం కాదు, బాక్టీరియా ఎండాకు తెగులు. శిలీంధ్రాల వలన వచ్చే తెగుళ్ళకు వలె దీనికి పిచికారీతో పూర్తిగా నయం చేయగల మందు లేదు. తెగులు తీవ్రతను బట్టి సాధారణంగా 20 నుండి 30 శాతం వరకు, అనుకూల పరిస్థితులలో తెగులు ముందుగానే ఆశించినట్లయితే 50 శాతం వరకు దిగుబడి నష్టం జరుగుతుంది. అందుచేత విత్తనంలోనే తెగులును తట్టుకునే శక్తి ఉండడం నమ్మదగిన రక్షణగా శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఈ తెగులును కలిగించే బాక్టీరియా జన్యుక్రమం 2005లో తొలిసారిగా పూర్తిగా వెల్లడైంది. ఆ జన్యుక్రమం ఏమి తెలిపింది, హైదరాబాద్ శాస్త్రవేత్తలు రూపొందించిన మెరుగైన సాంబ మసూరి వంగడానికి దీనితో గల సంబంధం ఏమిటి, ఈ విషయాలను గురించి వ్రాసేటప్పుడు, రైతులకు చెప్పేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం అన్న అంశాలను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెగులు పూర్వచరిత్ర

ఎండాకు తెగులును 1884లో జపాన్ దేశంలోని ఫుకుఓకా ప్రాంత రైతులు మొట్టమొదట గమనించారు. తెగులు సోకిన ఆకులపై ఉదయం వేళ మంచు బిందువులు కనిపించేవి. ఆ బిందువులలో ఉన్నది బాక్టీరియా అని తరువాతి పరిశోధనలలో తేలింది. ఈ సూక్ష్మజీవిని నేడు జాంథోమొనాస్ ఒరైజే పాథోవార్ ఒరైజే అని వ్యవహరిస్తున్నారు. గ్రీకు భాషలో జాంథోస్ అనగా పసుపు. ప్రయోగశాలలో పెంచినప్పుడు ఈ బాక్టీరియా పసుపు రంగులో కనిపిస్తుంది. ఒరైజా అన్నది వరికి గల శాస్త్రీయ నామం.

మన దేశంలో ఈ తెగులు 1951లో మహారాష్ట్ర ప్రాంతంలో మొదట కనిపించింది. 1963లో బీహార్‌లోని షాహాబాద్ జిల్లాలో ఉధృతంగా వ్యాపించడంతో దేశవ్యాప్తంగా శాస్త్రవేత్తల దృష్టి దీనిపై పడింది. హరిత విప్లవం తొలి సంవత్సరాలలో తైవాన్ నుండి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1 అనే పొట్టి వంగడం అధిక దిగుబడికి పేరుపొందినప్పటికీ ఈ తెగులుకు సులభంగా లొంగిపోయేది. 1979, 1980 సంవత్సరాలలో పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలోను, 1998లో కేరళలోని పాలక్కాడ్ ప్రాంతంలోను తెగులు తీవ్రంగా వచ్చింది.

తెలుగువారి భోజనంలో ప్రత్యేక స్థానం గల సాంబ మసూరి వంగడానికి సైతం ఈ బలహీనత ఉన్నది. బి.పి.టి. 5204 పేరుతో బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వంగడం వంశావళిలో జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాలు ఉన్నాయి. సన్నని గింజ, అన్నం నాణ్యత, మంచి దిగుబడి దీని గుణాలు. అయితే ఎండాకు తెగులును ఎదుర్కొనే శక్తి మాత్రం దీనికి లేదు. మంచి ధర తెచ్చిపెట్టే వంగడం కావడంతో రైతులు ఈ నష్టభయాన్ని భరిస్తూనే దీనిని సాగుచేస్తూ వచ్చారు.

తెగులు ఎలా ప్రవేశిస్తుంది

వరి ఆకుల అంచులలో సూక్ష్మమైన జలరంధ్రాలు ఉంటాయి. రాత్రివేళ మొక్క తనలోని అదనపు నీటిని ఈ రంధ్రాల ద్వారా బిందువులుగా వెలువరిస్తుంది. తెల్లవారిన తరువాత ఆ బిందువులలో కొంత తిరిగి లోపలికి పీల్చబడుతుంది. బాక్టీరియా ప్రవేశించేది ఈ మార్గంలోనే. గాలివానకు ఆకులు ఒకదానినొకటి ఒరుసుకొనడం వలన ఏర్పడే గాయాలు, నాటు సమయంలో నారు కొనలు త్రుంచడం వలన ఏర్పడే గాయాలు రెండవ మార్గం. లోపలికి చేరిన బాక్టీరియా నీటిని మోసుకుపోయే నాళాలలో స్థిరపడి, జిగురు పదార్థాన్ని విడుదల చేస్తూ వాటిని పూడ్చివేస్తుంది. దానితో ఆకు అంచుల నుండి ఎండిపోతుంది. నాటిన తొలి వారాలలో సోకినట్లయితే మొక్క మొత్తం వడలి చనిపోతుంది. ఈ దశను క్రెసెక్ అని పిలుస్తారు.

దీనిని పొలంలోనే నిర్ధారించుకొనడానికి సులభమైన పద్ధతి ఉన్నది. తెగులు సోకిన ఆకును అడ్డంగా కోసి, కోసిన చివరను గాజు గ్లాసులోని తేటనీటిలో కొద్ది నిమిషాలు ఉంచినట్లయితే కోత నుండి పాల వంటి తెల్లని ధార నీటిలోకి దిగుతుంది. ఆ ధార బాక్టీరియా సమూహమే. పోషక లోపం వలన పసుపు బారిన ఆకు నుండి ఇటువంటి ధార రాదు. మరో బస్తా యూరియా కొనే ముందు ఒక గ్లాసు నీటితో ఈ పరీక్ష చేయించడం రైతుకు ఎంతో మేలు చేస్తుంది.

జన్యుక్రమ నిర్ధారణ అనగా ఏమి?

ప్రతి జీవి లక్షణాలను నిర్ణయించే సమాచారం దాని డి.ఎన్.ఎ.లో నిక్షిప్తమై ఉంటుంది. ఈ సమాచారం ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో సూచించే క్షారాల వరుసగా ఉంటుంది. ఆ అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో మొదటి నుండి చివరి వరకు తెలుసుకొనడమే జన్యుక్రమ నిర్ధారణ. ఎండాకు తెగులు బాక్టీరియాలో ఈ వరుస సుమారు 50 లక్షల అక్షరాల పొడవు ఉంటుంది. వరి మొక్కలో ఇది దాదాపు 38.9 కోట్లు.

ఇంత పొడవైన వరుసను ఒకేసారి చదవడం ఆనాటి యంత్రాలకు సాధ్యం కాలేదు. అందుచేత డి.ఎన్.ఎ.ను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను చదివి, తిరిగి పేర్చేవారు. ఒకే దస్తావేజుకు చెందిన పది ప్రతులను ఇష్టమొచ్చినట్లు చించి కలిపివేసి, ముక్కల అంచులలో ఒకే వాక్యం ఎక్కడెక్కడ ఉన్నదో చూసుకుంటూ మూల దస్తావేజును తిరిగి సిద్ధం చేయడంతో ఈ ప్రక్రియను పోల్చవచ్చు. ఆ దస్తావేజులో ఒకే షరతు అక్షరం మార్పు లేకుండా పలుచోట్ల పునరావృతమైతే ఏ ముక్క ఎక్కడిదో తేల్చడం కష్టం. ఎండాకు తెగులు బాక్టీరియాలో ఇటువంటి పునరావృత భాగాలు అధికం. విచిత్రమేమంటే తెగులు రహస్యంలో ప్రధాన భాగం ఈ పునరావృత భాగాలలోనే దాగి ఉన్నది.

జాంథోమొనాస్ కుటుంబంలో మొట్టమొదట నిమ్మజాతి మొక్కలకు గజ్జి తెగులు కలిగించే బాక్టీరియా, క్యాబేజీ జాతి మొక్కలను ఆశించే బాక్టీరియాల జన్యుక్రమాలను బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించారు. 2005లో కొరియా శాస్త్రవేత్తలు వరి ఎండాకు తెగులు బాక్టీరియా జన్యుక్రమాన్ని ప్రచురించారు. ఇందులో 49,41,439 క్షార జంటలు ఉన్నట్లు తేలింది. అదే సంవత్సరం జపాన్ శాస్త్రవేత్తలు తమ దేశంలోని రకం జన్యుక్రమాన్ని వెల్లడించారు. 2008లో ఫిలిప్పీన్స్‌కు చెందిన మరో రకం జన్యుక్రమం వెలువడింది. దాని పొడవు 52,40,075 క్షార జంటలు.

2005 ఆగస్టులోనే వరి మొక్క జన్యుక్రమం సైతం సమగ్రంగా ప్రచురితమైంది. ఈ అంతర్జాతీయ కృషిలో భారతదేశం భాగస్వామిగా ఉండి 11వ క్రోమోజోమ్‌కు సంబంధించిన బాధ్యతను పంచుకున్నది. ఆ విధంగా ఒకే సంవత్సరంలో మొక్క చిట్టా, దానిని ఆశించే తెగులు చిట్టా శాస్త్రవేత్తల చేతికి అందాయి. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చదివే అవకాశం అప్పటి నుండి లభించింది.

బాక్టీరియా చేతిలోని దొంగతాళం

మూడు జన్యుక్రమాలను పోల్చినప్పుడు ఒకే బాక్టీరియాకు చెందిన రకాల మధ్య సైతం డి.ఎన్.ఎ. భాగాలు స్థానం మారడం, తలక్రిందులు కావడం, రెట్టింపు కావడం విరివిగా జరిగినట్లు వెల్లడైంది. ఫిలిప్పీన్స్ రకంలో సుమారు 2,12,000 క్షార జంటల భాగం రెండుసార్లు పునరావృతమై ఉన్నది. ఒక ప్రాంతంలో తట్టుకున్న వంగడం మరొక ప్రాంతంలో లొంగిపోవడానికి, నిన్న తట్టుకున్న వంగడం కొన్ని సంవత్సరాల తరువాత బలహీనపడడానికి గల కారణం ఈ చంచల స్వభావంలో కనిపిస్తుంది.

ఫిలిప్పీన్స్ రకంలో టాల్ అని సంక్షిప్తంగా పిలిచే ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు 19 ఉన్నాయి. బాక్టీరియా ఈ ప్రోటీన్లను సూది వంటి నిర్మాణం ద్వారా వరి కణంలోకి పంపుతుంది. అవి కణకేంద్రంలోకి చేరి, వరి డి.ఎన్.ఎ.లో నిర్దిష్టమైన చోటును వెతికి పట్టుకొని అక్కడి జన్యువును పనిచేయిస్తాయి. సుమారు 34 అమైనో ఆమ్లాల భాగం మరల మరల వచ్చే ఈ ప్రోటీన్‌లో ఒక్కొక్క భాగం వరి డి.ఎన్.ఎ.లోని ఒక్కొక్క అక్షరాన్ని గుర్తిస్తుందని, 12, 13 స్థానాలలోని అమైనో ఆమ్లాలే ఆ అక్షరాన్ని నిర్ణయిస్తాయని జర్మనీ, అమెరికా దేశాలకు చెందిన రెండు బృందాలు 2009లో వేర్వేరుగా కనుగొన్నాయి. దీనితో బాక్టీరియా జన్యుక్రమం చదివి, అది వరిలోని ఏ జన్యువుపై గురిపెట్టిందో అంచనా వేయడం సాధ్యమైంది.

బాక్టీరియా గురి ప్రధానంగా చక్కెరపైన. వరిలో స్వీట్ అనే కుటుంబానికి చెందిన జన్యువులు కణాల నుండి చక్కెరను బయటికి పంపే ద్వారాలను తయారుచేస్తాయి. సాధారణంగా మూసి ఉండే ఈ ద్వారాలను బాక్టీరియా తన టాల్ ప్రోటీన్ అనే దొంగతాళంతో తెరిపించి, వెలువడిన చక్కెరను ఆహారంగా వినియోగించుకుంటుంది. మొక్క తాను కూడబెట్టుకున్న ఆహారాన్ని తన చేతులతోనే శత్రువుకు వడ్డించే పరిస్థితి ఇది.

తెగులును తట్టుకునే శక్తికి అర్థం ఈ వెలుగులో స్పష్టమైంది. ఎక్స్.ఎ. 13 అనే నిరోధక జన్యువు నిజానికి స్వీట్ జన్యువుకు మరో రూపమే. దాని తాళం కప్ప కొద్దిగా మారి ఉండడం వలన బాక్టీరియా దొంగతాళం అందులో పట్టదు. మొక్కలోని రెండు ప్రతులూ మారి ఉన్నప్పుడే రక్షణ లభిస్తుంది గనుక దీనిని అంతర్గత లక్షణంగా పేర్కొంటారు. ఎక్స్.ఎ. 5 మార్గం వేరు. జన్యువులను పనిచేయించడానికి మొక్క వాడుకునే యంత్రాంగంలోని ఒక భాగం ఇందులో మారి ఉంటుంది. దానితో బాక్టీరియా ప్రోటీన్‌కు లభించవలసిన సహకారం తగ్గిపోతుంది. ఎక్స్.ఎ. 21 మరో విధమైనది. అది కణం వెలుపలి పొరపై కావలి కాస్తూ, బాక్టీరియా ఆనవాలు తగలగానే మొక్కను అప్రమత్తం చేస్తుంది.

హైదరాబాద్ కృషి: మెరుగైన సాంబ మసూరి

ఎక్స్.ఎ. 21 జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశానికి చెందిన ఒరైజా లాంగిస్టామినాటా అనే అడవి వరి నుండి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనిని సాగు వరిలోకి సంకరణం ద్వారా తెచ్చింది. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన శాస్త్రవేత్తలు ఈ జన్యువును వేరుచేసి గుర్తించారు. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎక్స్.ఎ. 21, ఎక్స్.ఎ. 13, ఎక్స్.ఎ. 5 అనే మూడు జన్యువులూ ఒకే మొక్కలో ఉన్న వరుసలు రూపొందాయి.

హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ (సి.సి.ఎం.బి.), వరి పరిశోధన సంచాలనాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పంజాబ్ వరుసలలోని ఎస్.ఎస్. 1113ను దాతగా తీసుకొని సాంబ మసూరితో సంకరపరిచారు. ఈ కృషిలో డాక్టర్ రమేశ్ వి. సొంటి, డాక్టర్ ఆర్.ఎం. సుందరం తదితరులు పాల్గొన్నారు. సంకరం వలన వచ్చిన మొక్కలను తిరిగి తిరిగి సాంబ మసూరితోనే నాలుగు పర్యాయాలు కలిపారు. ప్రతి తరంలోను డి.ఎన్.ఎ. గుర్తుల సహాయంతో రెండు విషయాలను పరిశీలించారు. మూడు నిరోధక జన్యువులు మొక్కలో నిలిచి ఉన్నాయా అన్నది మొదటిది. మిగిలిన జన్యుసంపద సాధ్యమైనంత మేరకు సాంబ మసూరిదే అయి ఉన్నదా అన్నది రెండవది.

సాంప్రదాయిక పద్ధతిలో మొక్కను పెంచి, తెగులు సోకించి, ఫలితం వచ్చే వరకు వేచి చూడాలి. అంతేకాక ఒక మొక్కలో ఒక నిరోధక జన్యువు ఉన్నా మూడు ఉన్నా పైకి ఒకే విధంగా కనిపించవచ్చు. అంతర్గత లక్షణాలైతే సంకర మొక్కలో అసలు బయటపడవు. డి.ఎన్.ఎ. గుర్తుల వలన నారు దశలోనే, చిన్న ఆకు ముక్కతో ఈ తేడా తెలుసుకొనవచ్చు. ఈ విధంగా రూపొందిన ఆర్.పి. బయో 226 అనే వంగడం మెరుగైన సాంబ మసూరి పేరుతో 2008లో విడుదలైంది. తెగులు సోకిన పరిస్థితులలో ఇది మూల వంగడం కంటే గణనీయంగా అధిక దిగుబడి ఇచ్చిందని, గింజ నాణ్యతలోను, అన్నం నాణ్యతలోను మార్పు రాలేదని పలు ప్రాంతాలలో జరిపిన పరీక్షలలో తేలింది. న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ సైతం ఇదే పద్ధతిలో మెరుగైన పూసా బాస్మతి 1 వంగడాన్ని 2007లో అందించింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మెరుగైన సాంబ మసూరి బాక్టీరియా జన్యుక్రమం వలన పుట్టినది కాదు. నిరోధక జన్యువులను మొక్కలో గుర్తించే కృషి అంతకు ముందే మొదలైంది. బాక్టీరియా జన్యుక్రమం చేసిన మేలు వేరు. మూడు జన్యువులు మూడు వేర్వేరు మార్గాలలో రక్షణ కల్పిస్తున్నాయని, అందుచేత వాటిని ఒకే వంగడంలో చేర్చడం ఎందుకు ఉపయుక్తమో అది వివరించింది. స్వీట్ కుటుంబంలోని ఒక ద్వారం మూసుకుపోతే మరో ద్వారాన్ని తెరవగల బాక్టీరియా రకాలు ఉన్నాయని సైతం అది తెలియజేసింది. ఒకే జన్యువుపై ఆధారపడరాదన్న హెచ్చరిక ఇందులో ఇమిడి ఉన్నది.

పాత్రికేయ మిత్రులు గమనించవలసిన తేడా

మెరుగైన సాంబ మసూరి జన్యుమార్పిడి పంట కాదు. వరి జాతికి చెందిన మొక్కల మధ్య సంకరణం ద్వారానే ఇది రూపొందింది. డి.ఎన్.ఎ. గుర్తులు ఎంపికకు మాత్రమే ఉపయోగపడ్డాయి. ప్రయోగశాలలో వేరుచేసిన జన్యువును నేరుగా మొక్కలో ప్రవేశపెట్టే పద్ధతిని జన్యుమార్పిడి అంటారు. మొక్కకు స్వతహాగా ఉన్న డి.ఎన్.ఎ.లోని నిర్దిష్ట అక్షరాలను మార్చడం జన్యు సవరణ. ఈ మూడూ వేర్వేరు.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 (కమల) వంగడం సాంబ మసూరి నుండి జన్యు సవరణ పద్ధతిలో హైదరాబాద్‌లోనే రూపొందింది. అయితే అది దిగుబడి పెంపునకు ఉద్దేశించినది. ఎండాకు తెగులు నిరోధానికి 2008లో వచ్చిన వంగడం వేరు, ఇది వేరు. రెండింటికీ మూలం సాంబ మసూరియే కావడం వలన వార్తలలో ఒకదానికి బదులు మరొకటి చోటుచేసుకునే అవకాశం ఉన్నది. జన్యుమార్పిడి అన్న ఒక్క పొరపాటు మాట మంచి విత్తనాన్ని రైతుకు దూరం చేయగలదు. లేని గుణాన్ని ఆపాదించిన మరొక మాట రైతును నష్టపరచగలదు.

శాస్త్ర పరిశోధనలో దిద్దుబాట్లు సహజమన్న సంగతిని కూడా గుర్తుంచుకొనవలసి ఉన్నది. ఎక్స్.ఎ. 21 కావలి గుర్తుపట్టే బాక్టీరియా ఆనవాలు ఏమిటో కనుగొన్నట్లు 2009లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. పరిశోధనశాలలోని బాక్టీరియా నమూనాలలో ఒకదాని పేరు తారుమారైనట్లు తరువాత అదే బృందం గుర్తించి, 2013లో ఆ పత్రాన్ని స్వయంగా ఉపసంహరించుకున్నది. మరల మొదటి నుండి పరిశోధించి, రాక్స్ ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ అసలు ఆనవాలని 2015లో ప్రకటించింది. తొలి ప్రకటనకు లభించిన ప్రచారం దిద్దుబాటుకు సైతం లభించినప్పుడే పాఠకునికి పూర్తి సత్యం అందుతుంది.

తెగులుపై నిఘా

జన్యుక్రమ నిర్ధారణ ఖర్చు తగ్గడంతో ఒక్క నమూనాకు బదులు వందలాది నమూనాలను చదవడం సాధ్యమైంది. భారతదేశంలో సేకరించిన 100 ఎండాకు తెగులు బాక్టీరియా నమూనాల జన్యుక్రమాలను విశ్లేషించిన అధ్యయనం 2017లో వెలువడింది. మన దేశంలోని ఈ బాక్టీరియా ఐదు వంశశాఖలుగా ఉన్నట్లు, తెగులు కలిగించే శక్తి అధికంగా గల రకాలు ప్రధానంగా చిన్న శాఖలలో ఉన్నట్లు ఇందులో తేలింది. ఏ ప్రాంతంలో ఏ నిరోధక జన్యువులు గల విత్తనం ఇవ్వాలన్న నిర్ణయానికి ఇటువంటి సమాచారం ఆధారంగా నిలుస్తుంది.

ఆఫ్రికా ఖండంలోని టాంజానియాలో 2019లో ఈ తెగులు అకస్మాత్తుగా విజృంభించింది. అక్కడి నమూనాల జన్యుక్రమాన్ని పరిశీలించినప్పుడు అవి ఆఫ్రికాలో మొదటి నుండి ఉన్న రకాలకు కాక, ఆసియా రకాలకు దగ్గరివని వెల్లడైంది. ఈ వివరాలు 2023లో ప్రచురితమయ్యాయి. జన్యుక్రమం లేనట్లయితే అది పాత తెగులే పెరిగిందని భావించి, పాత నిరోధక జన్యువులనే నమ్ముకునే ప్రమాదం ఉండేది. స్వీట్ జన్యువుల తాళం కప్పలను జన్యు సవరణ ద్వారా మార్చిన ఆఫ్రికా వరి రకంపై సైతం ఆ అధ్యయనంలో పరీక్షలు జరిగాయి.

ఇదే కుటుంబానికి చెందిన జాంథోమొనాస్ ఫ్రాగేరియే అనే బాక్టీరియా స్ట్రాబెర్రీ మొక్కలకు కోణాకార ఆకుమచ్చ తెగులు కలిగిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1960లో మొదట కనిపించిన ఈ తెగులు లక్షణాలు బయటపడని పిలక మొక్కల ద్వారా నర్సరీల నుండి తోటలకు చేరుతుంది. దీని ముసాయిదా జన్యుక్రమాన్ని 2013లో బెల్జియం శాస్త్రవేత్తలు ప్రచురించారు. కంటికి కనబడని తెగులును నారుమొక్కలోనే పసిగట్టే పరీక్షలకు జన్యుక్రమం తోడ్పడుతుంది. మన ప్రాంతంలో నిమ్మ, చీనీ తోటలను ఆశించే గజ్జి తెగులు, దానిమ్మ తోటలను దెబ్బతీసే బాక్టీరియా మచ్చ తెగులు కూడా జాంథోమొనాస్ కుటుంబానివే. వరిలో నేర్చుకున్న పాఠాలు ఈ తోటల రక్షణకు సైతం దారి చూపగలవు.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

నిరోధక శక్తి గల విత్తనం ఉన్నప్పటికీ యాజమాన్య జాగ్రత్తలను విస్మరించరాదు. విస్తరణ అధికారులు రైతులకు ఈ క్రింది అంశాలను వివరించవలసి ఉన్నది.

1. ఎండాకు తెగులు ఏటా వచ్చే ప్రాంతాలలో తట్టుకునే వంగడాలను ఎంచుకోవాలి. విత్తనాన్ని నమ్మకమైన సంస్థల నుండి మాత్రమే తీసుకొని రశీదు భద్రపరచుకోవాలి. సాంబ మసూరికి, మెరుగైన సాంబ మసూరికి గింజ చూసి తేడా చెప్పడం కష్టం గనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

2. నాటేటప్పుడు నారు కొనలు త్రుంచరాదు.

3. నత్రజని ఎరువును సిఫారసు మేరకు, దఫదఫాలుగా వేయాలి. పొటాష్‌ను నిర్లక్ష్యం చేయరాదు. తెగులు కనిపించిన వెంటనే నత్రజని వేయడం తాత్కాలికంగా నిలిపివేయాలి.

4. తెగులు సోకిన పొలంలోని నీటిని తీసివేయాలి. ఆ నీరు ప్రక్క మడులలోకి పారకుండా చూడాలి.

5. గట్లపైన, కాలువలలోను ఉండే గడ్డిజాతి కలుపును, పాత దుబ్బుల నుండి మొలిచిన వరిని తొలగించాలి. పంట లేని కాలంలో బాక్టీరియా వీటిపై నిలిచి ఉంటుంది.

6. ఆకులు పసుపు బారినప్పుడు గ్లాసు నీటి పరీక్ష చేసిన తరువాతనే ఎరువును గాని, మందును గాని నిర్ణయించాలి. మందుల విషయంలో స్థానిక శాస్త్రవేత్తల సలహా పాటించాలి.

పైన పేర్కొన్న అంశాలలో అధిక భాగం ఖర్చు లేనివి. రెండు, ఆరు అంశాలు కేవలం మాట ద్వారా రైతుకు చేరవలసినవి. వాటిని చేరవేయడంలో పత్రికలకు, ఆకాశవాణికి, దూరదర్శన్‌కు, గ్రామస్థాయి సిబ్బందికి సమాన బాధ్యత ఉన్నది.

ముగింపు

1884లో జపాన్ రైతులు మొట్టమొదట గమనించిన తెగులుకు కారణమైన బాక్టీరియాలోని 50 లక్షల అక్షరాలను నేడు మనం చదవగలుగుతున్నాము. చదివిన దానిలో కొంత ఇప్పటికే విత్తనంగా మారింది. అయితే బాక్టీరియా సైతం తన చిట్టాను తిరగవ్రాసుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఒక వంగడం విడుదలతో పని ముగిసినట్లు కాదు. కొత్త వంగడం గురించి ప్రకటన వెలువడినప్పుడు అందులో ఎన్ని నిరోధక జన్యువులు ఉన్నాయి, అవి ఏ ప్రాంతపు బాక్టీరియా రకాలపై పరీక్షించబడ్డాయి, విత్తనం రైతుకు ఎక్కడ లభిస్తుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉండేటట్లు చూడడం సమాచారం ఇచ్చేవారికి, వ్రాసేవారికి ఉభయులకూ అవసరం. ఆ మూడింటిలో రైతు మొదట అడిగేది చివరి ప్రశ్న.

జారీ: పౌర సంబంధాల అధికారి